తొట్టిలో తాబేలు

ఉమకి ముక్కు మీద కోపం అని అత్తవారింట అందరూ అంటారు. ఇరవై ఆరేళ్ళుగా అంటూనే ఉన్నారు. ఆ కోపం ఎందుకొస్తుందని మాత్రం ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. అడిగితే, నా మాట ఎవరూ చెవిన పెట్టరు కాబట్టి అని చెప్పేది. అదీ చెవిన పెట్టేవాళ్ళు కాదనుకోండి, అది వేరే సంగతి.

ఆమె పుట్టింది బందరు అవతల, సముద్రపు హోరు పెరట్లోకి వినిపించే ఊళ్ళో. బడికెళ్ళే ముందు ఒడ్డు వెంట ఓ చుట్టు తిరిగి రావడం చిన్నప్పటి అలవాటు. రాత్రి సముద్రం ఏం పారేసిందో చూడకపోతే ఆమెకి తెల్లవారినట్టే ఉండేది కాదు. మెట్టింది ముసునూరు దగ్గర పదహారెకరాల మామిడితోట ఉన్న ఇంట. అక్కడ తెలివంటే మామిడి తెలివే. పూత ఎప్పుడు నిలుస్తుందో, తేనెమంచు పురుగుకి ఏ మందు కొట్టాలో చెప్పగలిగితే మనిషి కింద లెక్క. సముద్రం గురించి తెలిస్తే ఎంత, తెలియకపోతే ఎంత.

అయినా ఏడాదికి ఒక్క గంట సముద్రం ఆమెకి దక్కేది. మాఘ పౌర్ణమికి ఆ ఇంటివాళ్ళు తప్పకుండా బందరు వెళ్ళి సముద్రస్నానం చేస్తారు. మామిడికాయల ట్రేలు తోలే జోజిబాబు మినీ వ్యానులో మగవాళ్ళు, వెనక కారులో ఆడవాళ్ళు. ఈ ఏడూ అలాగే వెళ్ళారు. స్నానాలయ్యాయి, గంగమ్మకి పసుపు కుంకుమలు వదిలారు, పులిహోర తిన్నారు. మావగారు హనుమయ్య తువ్వాలు పరుచుకుని నడుం వాల్చాడు. అత్తగారు బసవమ్మ తడిచీరలు ఆరేసుకుంటోంది. మొగుడు కృష్ణకాంత్ జోజిబాబుతో కబుర్లలో పడ్డాడు. ఉమ చెంగు దోపుకుని, ఎవరితోనూ చెప్పకుండా ఒడ్డు వెంట నడిచింది.

అల వెనక్కి తగ్గేటప్పుడు ఇసక మీద ఒక గీత వదిలిపోతుంది. నాచు, పుల్లలు, నురగ, తెగిన వలముక్కలు కలిసిన గీత. ఏది దొరికినా దాని వెంటే దొరుకుతుంది. ముందు ఒక జెల్లీచేప కనిపించింది, పళ్ళెమంత, ఎండకి కరిగి ఇసకలోకి ఇంకిపోతోంది. తర్వాత రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్ద గుల్ల, చదునుగా, మీద ఐదు రేకుల పువ్వు ఎవరో గీసిపెట్టినట్టు ఉంది. నాలుగు మూలలా కొమ్ములున్న నల్లటి తోలుసంచి ఒకటి. ఓ రకం సొరచేప అలాంటి సంచిలో గుడ్డు పెడుతుంది, పిల్ల బయటికి పోయాక ఉత్తి సంచి ఒడ్డుకొస్తుంది. అరచేయంత తెల్లటి ఎముక ఒకటి తీసి గోటితో గీకి చూసింది. పది చేతులుండే సముద్రజీవి ఒకదాని వీపులోది అది. నూజివీడు పచారీ కొట్లలో దాన్నే సముద్రపు నురుగు అని పొట్లం కట్టి అమ్ముతారు. నురుగు గడ్డకడితే అలా అవుతుందని బసవమ్మ వాదన. కాదండీ, అది ఎముక అని ఉమ చెప్పబోతే, నలభై ఏళ్ళుగా కొంటున్నా నాకు చెబుతావా అని నోరు మూయించింది.

ఎముకని కింద పడేసి ముందుకెళ్ళింది. అక్కణ్ణించి మొదలయ్యాయి తాబేళ్ళు. ఒకటి, రెండు, రెండు ఫర్లాంగులు నడిచేసరికి ఏడు. అన్నీ చచ్చినవే. తోక పొట్టిగా ఉంది కాబట్టి అన్నీ ఆడవే. ఇసకలో గుడ్లు పెట్టడానికి ఎక్కడెక్కడి నుంచో మాఘ ఫాల్గుణాల్లో ఈ ఒడ్డుకొస్తాయి. దారిలో వలలో చిక్కుకుంటే, గాలి పీల్చుకోవడానికి పైకి రాలేక నీళ్ళలోనే ఉక్కిరిబిక్కిరై చస్తాయి. ఉమ చిన్నప్పుడు ఏడాది మొత్తానికి ఏడు కనిపిస్తే ఊరంతా అయ్యో అనుకునేవాళ్ళు. ఇప్పుడు వాటి పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఎవర్ని తిట్టాలో తెలియక అందర్నీ కలిపి నాలుగు తిట్టి వెనక్కి తిరిగింది.

వచ్చేసరికి అంతా బండ్లెక్కి కూర్చున్నారు. వ్యాను మీద పట్టా బిగించి కట్టేసి ఉంది. మగవాళ్ళ మొహాలు వెలిగిపోతున్నాయి. ఏంటి సంగతి అని అడిగేలోపే, ఇంతసేపూ ఎక్కడ పెత్తనాలు చేస్తున్నావని అత్తగారు అందుకుంది. ఉమ కారెక్కి కూర్చుంది. దారి పొడుగునా ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ పట్టా ఒక్కసారి ఎత్తి చూసి ఉంటే అక్కడికక్కడే తేలిపోయేది కదా అని తర్వాత ఆమె తనను తాను తిట్టుకోని పూట లేదు.

మర్నాడు పొద్దున మందు కొట్టే కూలీలకి టిఫిను పట్టుకుని తోటకెళితే, బోరు పక్కనున్న సిమెంటు తొట్టి చుట్టూ పదిమంది మూగి ఉన్నారు. తొట్టిలో తాబేలు. బతికే ఉంది. వీపు మీద నీళ్ళకి సగం చెరిగిన పసుపు, కుంకుమ. రెండడుగుల పైన పొడవుంది. గోడ వెంట ఈదుకుంటూ వెళుతోంది, మూలలో ముక్కు కొట్టుకుంటోంది, మళ్ళీ వెనక్కి తిరుగుతోంది. ఉమ చేతిలోని క్యారేజీ అక్కడే కింద పెట్టేసింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ వైపు రైతులు పూర్వం బావి తవ్వగానే చెరువులోంచి ఓ తాబేలును పట్టుకొచ్చి అందులో వదిలేవాళ్ళు. నాచూ పురుగూ తిని నీళ్ళు తేటగా ఉంచుతుందని, అది ఉన్నన్నాళ్ళూ బావి ఎండదని నమ్మకం. హనుమయ్య తోటబావిలోనూ ఒకటుండేది. ఒక కరువు ఏడాది అది చచ్చింది, బావి ఎండింది. తాబేలు పోయింది కాబట్టి నీళ్ళు పోయాయని ఆయన లెక్క. నీళ్ళు పోయాయి కాబట్టి తాబేలు పోయిందని ఉమ ఒకసారి అని, వారం రోజులు అందరి చేతా మాటలు పడింది. ఇప్పుడు బావి లేదు, ఐదొందల అడుగుల బోరుంది. నిరుడు సరిగ్గా పిందె దశలో ఆ బోరు కూడా చేతులెత్తేసింది. గోళీకాయంత పిందెలు జలజలా రాలిపోతుంటే పెద్దాయన చెట్టు కింద కూర్చుని రెండు పూటలు అన్నం ముట్టలేదు. అలాంటి మనిషి దగ్గరికి మాఘ పౌర్ణమి నాడు బతికున్న తాబేలు నడిచొస్తే ఇంకేం కావాలి.

"మావయ్యగారూ, ఇది బావిలో వేసుకునే తాబేలు కాదండి" అంది ఉమ, వీలైనంత నెమ్మదిగా. "చూడండి, దీనికి కాళ్ళు లేవు, తెడ్లున్నాయి. తల లోపలికి లాక్కోలేదు. ఇది ఉప్పునీళ్ళది. గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కింది, మీరు ఎత్తుకొచ్చేశారు."

"దేవుడిచ్చాడమ్మా" అన్నాడు హనుమయ్య. "నేను కళ్ళు తెరిచేసరికి నాకేసే వస్తోంది. నీళ్ళలోకి పోవాలంటే అటు పోవాలి కదా. నాకేసి ఎందుకొచ్చింది చెప్పు."

"మీకేసి కాదండి, పొడి ఇసక కేసి. మీరు దాని దారిలో పడుకున్నారంతే."

కూలీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దాయన మొహం మాడిపోయింది. బసవమ్మ ఊరుకుంటుందా. "పెద్దవాళ్ళతో మాట్లాడే పద్ధతేనా ఇది. ఆయనకి ఇన్నాళ్ళకి మంచి జరుగుతుంటే నీకెందుకే అంత కడుపుమంట" అంది.

కృష్ణకాంత్ ఉమను చెట్ల చాటుకి తీసుకెళ్ళాడు. "గట్టిగా అరవకు. ఫారెస్టు వాళ్ళకి తెలిస్తే కేసు పెడతారంట, బెయిలు కూడా కష్టమంట. జోజిబాబు చెప్పాడు."

"ఎప్పుడు చెప్పాడు?"

"నిన్న, ఎక్కించేటప్పుడు."

"అంటే తప్పని తెలిసే ఎక్కించారు. నాకు తెలియకూడదని పట్టా కప్పారు."

"నీకు చెబితే ఇదిగో, ఇలాగే గోల చేస్తావని. నాన్న మొహం చూడు. ఆయన నవ్వి ఏడాదైంది. ఓ వారం ఉండనీ. తర్వాత నేనే ఎక్కడో చోట వదిలేసొస్తా."

"వారం ఆగదండీ అది. గుడ్లతో ఉంది. ఇవాళో రేపో పెట్టాలి."

"నువ్వేమన్నా డాక్టరువా" అని అతను వెళ్ళిపోయాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది ఉమకి. ఫోను తీసి ఫారెస్టు ఆఫీసు నంబరు వెతికింది, దొరికింది. నొక్కితే తాబేలు బతుకుతుంది, ఎనభై ఏళ్ళ ముసలాయన జీపెక్కుతాడు. నొక్కకపోతే ముసలాయన ఇంట్లో ఉంటాడు, తాబేలు పోతుంది. వేలు అలాగే ఆగిపోయింది. ఆ రోజూ నొక్కలేదు, మర్నాడూ నొక్కలేదు. ఇంట్లో అందరి మీదా ఉన్న కోపం ఒక ఎత్తు, తన వేలు మీద కోపం ఒక ఎత్తు. గిన్నెలు తోముతుంటే రెండు గ్లాసులు సొట్టలు పడ్డాయి.

ఈలోగా తోట దగ్గర తిరణాల మొదలైంది. చుట్టుపక్కల తోటలవాళ్ళు వచ్చారు. విస్సన్నపేట నుంచి బసవమ్మ చెల్లెలు పిల్లాజెల్లాతో దిగింది. అరటిపండు ముక్కలు, మరమరాలు, తోటకూర కట్టలు తొట్టిలో వేశారు. తాబేలు ఏదీ ముట్టలేదు, అవి కుళ్ళి నీళ్ళు కంపు కొట్టాయి. సెల్ఫీలు వద్దని కృష్ణకాంత్ ఒక్కొక్కరి కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆ రెండు రోజులూ బోరు ధారగా పోసింది. అది ఎప్పుడూ మాఘమాసంలో ధారగానే పోస్తుంది, ఆగేది ఫాల్గుణం దాటాక. ఆ ముక్క ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అయినా తాబేలు మహిమ అని ఒకరికొకరు చెప్పుకుని మురిసిపోయారు.

నాలుగో రోజు మధ్యాహ్నం బసవమ్మ కేక వేసి పిలిస్తే ఉమ తొట్టి దగ్గరికి పరిగెత్తింది. తొట్టి అడుగున తెల్లటి గుడ్లు. టేబుల్ టెన్నిస్ బంతులంత ఉన్నాయి. పది కాదు, ఇరవై కాదు, అడుగంతా పరుచుకుని ఉన్నాయి. తాబేలు వాటి మీదుగా మెల్లగా ఈదుతోంది. ఉమ చూస్తుండగానే దాని వెనక నుంచి ఇంకొకటి జారి కిందికి దిగింది.

"సంతానలక్ష్మి వచ్చింది మనింటికి" అంటోంది బసవమ్మ, తొట్టి గట్టు మీద దీపం వెలిగిస్తూ. "ఈ ఏడు కాపు చూడండి. కాయల బరువుకి కొమ్మలు విరక్కుండా పోట్లు పెట్టాల్సిందే." హనుమయ్య రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

ఉమ బోరు షెడ్డులోకెళ్ళి వాల్వు తిప్పే ఇనపకడ్డీ తెచ్చింది. తొట్టి వెనక్కెళ్ళి వాల్వు పూర్తిగా తిప్పేసింది. తొట్టిలో నీళ్ళు గొట్టాల్లోంచి దడదడమంటూ చెట్ల పాదుల్లోకి పారాయి. తోటకి ఆ తడి పెట్టేది పిందె కట్టాకే. పూత మీదున్న చెట్లకి ఇప్పుడు నీళ్ళు పెడితే పూత రాలుతుందని ఆ తోటలో పసిపిల్లాడికి కూడా తెలుసు.

కృష్ణకాంత్ పరిగెత్తుకొచ్చాడు. "పిచ్చెక్కిందా నీకు? పూత మొత్తం పోతుంది. ఇటివ్వు ఆ కడ్డీ."

ఉమ కడ్డీ ఎత్తి పట్టుకుంది. "దగ్గరికి రండి చెబుతా" అంది. అతను రాలేదు.

"పోతే పోనివ్వండి పూత. రాలితే ఎలా ఉంటుందో మీకు తెలుసుగా. నిరుడు పిందెలు రాలితే ఇంటిల్లిపాదీ తిండి మానేశారే. ఆ తొట్టిలోకి చూడండి. అవి రాలినవి కావా? అత్తయ్యగారూ, దీపం ఆర్పండి. అవి పెట్టిన గుడ్లు కావు, ఆపుకోలేక వదిలేసిన గుడ్లు. ఇసకలో వెచ్చగా పెడితే పిల్లలయ్యేవి. నీళ్ళలో పడ్డ గుడ్డు ఊపిరాడక అందులోనే చస్తుంది. నాలుగు రోజులు ఓర్చుకుంది అది. మూల మూలా ముక్కుతో పొడిచి చూసింది, ఎక్కడైనా ఇంత ఇసక తగులుతుందేమోనని. నేను చెప్పాను. చూసిన పూటే చెప్పాను. మీలో ఒక్కరంటే ఒక్కరు, నిజమా అని అడగలేదు."

నీళ్ళు సగానికి దిగాయి. తాబేలు పొట్ట సిమెంటుకి ఆనింది. దాని కళ్ళ వెంట చిక్కగా నీరు కారుతోంది.

"ఏడుస్తోందిరా" అన్నాడు హనుమయ్య.

"అది ఏడుపు కాదు మావయ్యగారూ" అంది ఉమ. "ఒంట్లో ఎక్కువైన ఉప్పుని అలా కళ్ళ వెంట పంపేస్తుంది. అది దాని పద్ధతి. ఏడవాల్సింది మనం." తర్వాత ఫోను తీసి కృష్ణకాంత్‌కి చూపించింది. "నంబరు ఇదిగో. పది నిమిషాల్లో జోజిబాబు బండి రాకపోతే నొక్కుతాను. అందర్నీ తీసుకెళ్ళనివ్వండి. జైలుకి క్యారేజీ కూడా నేనే తెస్తాను."

ఆమె అంత పనీ చేస్తుందని మొదటిసారి వాళ్ళకి నమ్మకం కుదిరింది. కృష్ణకాంత్ ఫోను చేయడానికి అటు తిరిగాడు. హనుమయ్య పంచె ఎగగట్టి, ఎవరి చేయీ పట్టుకోకుండా తొట్టిలోకి దిగాడు. గుడ్లు ఒక్కొక్కటే ఏరి మామిడికాయల ట్రేలో పెట్టసాగాడు. "ఇవి కూడా తీసుకెళ్ళి ఇసకలో పెడదాం" అన్నాడు.

"లాభం లేదండి."

ఆయన ఏరడం ఆపలేదు. నూటనాలుగు వచ్చాయి. ఉమ ఆ ట్రేను బండి ఎక్కనివ్వలేదు.

తాబేలును తడి గోతాల్లో చుట్టి నలుగురు ఎత్తారు. ఉమ వ్యాను వెనక దాని పక్కనే కూర్చుంది, కృష్ణకాంత్ గోతాల మీద చెంబుతో నీళ్ళు పోస్తూ కూర్చున్నాడు. వద్దన్నా వినకుండా పెద్దాయన ముందు సీటెక్కాడు. హనుమాన్ జంక్షన్ దాటారు, గుడివాడ దాటారు. గుడివాడలో టీకి ఆపుదామా అని జోజిబాబు అడిగితే ఉమ చూసిన చూపుకి అతను మళ్ళీ బందరు దాకా బ్రేకు మీద కాలెయ్యలేదు. జనం ఉండే చోటికి కాక, ఆమె పుట్టిన ఊరి ఒడ్డుకి తోలించింది. వాళ్ళు చేరేసరికి పొద్దు వాలుతోంది. కనుచూపు మేరలో ఎవరూ లేరు.

తడి ఇసక మీద, సముద్రానికి ఎదురుగా దించారు. తాబేలు చాలాసేపు కదల్లేదు. ఒక అల వచ్చి ముక్కు తడిపి వెళ్ళింది. తల ఎత్తింది. హమ్మయ్య, పోతుంది అనుకున్నారు. అది మెల్లగా ఒళ్ళంతా తిప్పుకుని, సముద్రానికి వీపు పెట్టి పైకి పాకడం మొదలుపెట్టింది.

"దారి తప్పిందండి ఉమగారూ, ఇటు తిప్పుదాం" అని జోజిబాబు వంగాడు.

"ముట్టుకోకు" అంది ఉమ.

నాలుగడుగులు పాకి ఆగుతోంది, ఆయాసంగా గాలి పీల్చుకుంటోంది, మళ్ళీ పాకుతోంది. అల అందని పొడి ఇసక దాకా వెళ్ళింది. ముక్కు ఇసకలో గుచ్చి చూసుకుంది. ఇక అక్కడ తవ్వడం మొదలుపెట్టింది. వెనక తెడ్డు ఒకటి చేయిలా ముడిచి ఇసక తోడి పక్కన పోస్తుంది, తర్వాత రెండోదాంతో తోడుతుంది. ఎక్కడా తొందర లేదు. మోచేతి లోతున గొయ్యి తయారైంది.

"ఇంకా ఉన్నాయన్నమాట కడుపులో" అన్నాడు హనుమయ్య. గొంతులో ప్రాణం లేచొచ్చింది. "ఎన్ని పెట్టిందో చూడమ్మా."

ఉమ ఇసకలో బోర్లా పడుకుని గొయ్యిలోకి చూసింది. ఆమెకీ ఆశగానే ఉంది. పదైనా ఉండవా, ఐదైనా ఉండవా అనుకుంది. తాబేలు ఒళ్ళు బిగించింది, వదిలింది, మళ్ళీ బిగించింది. గొయ్యిలో ఏమీ పడలేదు. ఎంత సేపు పెట్టాలో అంత సేపూ అలాగే ఉండి, తర్వాత తెడ్లతో ఇసక లోపలికి తోయసాగింది.

"ఏమీ లేవండి" అంది ఉమ లేచి కూర్చుని. "అన్నీ మన తొట్టిలోనే అయిపోయాయి."

"మరి ఎందుకు పూడుస్తోంది?"

"దానికి తెలీదు కాబట్టి."

తాబేలు గొయ్యి నింపింది. ఒళ్ళు అటూ ఇటూ ఎత్తెత్తి వేస్తూ పొట్టతో ఇసకను గట్టిగా అదిమింది. కుక్కలకీ నక్కలకీ ఆనవాలు దొరక్కుండా చుట్టూ ఇసక చిమ్మింది. నూరు గుడ్లున్నా అంతకంటే జాగ్రత్తగా దాచదు.

"చెప్పమ్మా దానికి" అన్నాడు హనుమయ్య. "అందులో ఏమీ లేవని చెప్పు. ఊరికే కష్టపడుతోంది."

"మీరే చెప్పండి మావయ్యగారూ. తెచ్చింది మీరు."

మాట కరుగ్గానే వచ్చింది. మెత్తగా మార్చుకుందామని ఆమెకి అనిపించలేదు. పెద్దాయన తడబడుతూ వెళ్ళి తాబేలు పక్కన గొంతుక్కూర్చున్నాడు. అది పని ముగించుకుని, ఆయన పాదం రాసుకుంటూ తిరిగి, సముద్రం కేసి పాకింది. మొదటి అల దాన్ని కాస్త ఎత్తింది, రెండోది తీసుకుపోయింది.

హనుమయ్య అక్కణ్ణించి లేవలేదు. అది అదిమి వెళ్ళిన చోట రెండు చేతులతో ఇసక తోడడం మొదలుపెట్టాడు. మోచేతుల దాకా తోడాడు. తడి ఇసక తప్ప ఏమీ రాలేదు. చీకటి పడుతోంది వెళ్దాం నాన్నా అని కృష్ణకాంత్ రెండుసార్లు పిలిచాడు. పెద్దాయన ఇంకా తోడుతూనే ఉన్నాడు. ఇక చాలని ఉమ అనలేదు.